జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్

జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్ (1867 అక్టోబరు 2 - 1957 డిసెంబరు 10) దక్షిణ ఆఫ్రికాలోని ప్రసిద్ధ క్రూగర్ జాతీయ వనానికి మొదటి వార్డెను. అంతకు ముందు ఆ వనానికి మూలమైన సబీ అభయారణ్యానికి 1902 నుండి వార్డెనుగా ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలాన్ని మినహాయిస్తే 1946 వరకు, అనగా సుమారు నలభై నాలుగేళ్ళు, ఆ అడవి బాధ్యత ఇతని చేతిలోనే ఉన్నది. వృత్తిరీత్యా సైనికుడు. మనుషులను బయటకు పంపి జంతువులను కాపాడడానికి నియమితుడైన ఈ అధికారి, కొంతకాలానికి సామాన్య ప్రజలు లోపలికి వచ్చి చూడనిదే ఆ జంతువులు మిగలవని గ్రహించాడు. దక్షిణ ఆఫ్రికాలో తుపాకి లేకుండా కారులో తిరిగి, రాత్రి శిబిరంలో బస చేసి వన్యప్రాణులను చూసే పద్ధతి వ్యాపించడానికి ఇతని కృషి ముఖ్య కారణం.

జననం, సైనిక జీవితం

హామిల్టన్ 1867 అక్టోబరు 2న ఐర్లండులోని డబ్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి సైన్యంలో అధికారి. తల్లి వైపు వారికి స్కాట్లండులోని లానార్క్‌షైర్‌లో ఫెయిర్‌హోమ్ అనే ఎస్టేటు ఉండేది. తండ్రి వంశనామం స్టీవెన్సన్, తల్లి వంశనామం హామిల్టన్ కలిసి ఇతని ఇంటిపేరుగా నిలిచాయి. తోబుట్టువులలో ఇతడే పెద్దవాడు. రగ్బీ పాఠశాలలోను, తరువాత శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలోను చదివి, 1888లో ఇన్నిస్కిల్లింగ్ డ్రాగూన్స్ అనే ఆశ్విక దళంలో చేరాడు. ఆ దళంతోనే మొదటిసారి దక్షిణ ఆఫ్రికాలోని నటాల్ చేరాడు.

1898లో మేజర్ గిబ్బన్స్ నాయకత్వంలో జాంబెజీ నదీ ప్రాంతానికి వెళ్ళిన అన్వేషక బృందంలో హామిల్టన్ సభ్యుడు. నేడు జాంబియాలో ఉన్న బరోట్సేలాండ్, కఫూయే నది పరిసరాలలో నెలల తరబడి ప్రయాణించాడు. అప్పటి ఆంగ్ల అధికారులందరివలెనే ఇతడు కూడా వేటగాడే. అయితే కాల్చిన జంతువు కంటె కాల్చని జంతువు నడవడిక మీదనే ఆసక్తి పెరగడం ఈ యాత్ర కాలం నుండే కనిపిస్తుంది. 1899లో బోయర్ యుద్ధం మొదలు కాగా తిరిగి సైన్యంలో పనిచేశాడు. యుద్ధం 1902లో ముగిసింది. ముప్పై నాలుగేళ్ళ వయసులో, సైన్యం నుండి తాత్కాలికంగా సెలవు వంటి ఏర్పాటుతో, ట్రాన్స్‌వాల్‌లోని ఒక చిన్న ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. ఒకటి రెండేళ్ళ పని అనుకుని వెళ్ళినవాడు జీవితమంతా అక్కడే ఉండిపోయాడు.

సబీ అభయారణ్యం - నాటి స్థితి

ట్రాన్స్‌వాల్ తూర్పు అంచున, నేటి మొజాంబిక్ సరిహద్దును ఆనుకొని ఉన్న పల్లపు ప్రాంతాన్ని లోవెల్డ్ అంటారు. ఎండాకాలంలో విపరీతమైన వేడి, వానాకాలంలో మలేరియా. దక్షిణాన క్రొకొడైల్ నదికి, ఉత్తరాన సబీ నదికి మధ్యనున్న భాగాన్ని 1898 మార్చి 26న పాల్ క్రూగర్ అధ్యక్షుడుగా ఉన్న బోయర్ ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. మరుసటి యేడే యుద్ధం రావడంతో ఆ ప్రకటన కాగితానికే పరిమితమైనది.

హామిల్టన్ 1902లో ఎద్దుల బండి, గుర్రాలతో అక్కడికి చేరేసరికి జంతువులు చాలా తక్కువగా ఉన్నాయి. దీనికి కారణాలు మూడు. దంతాల కొరకు, చర్మాల కొరకు దశాబ్దాలపాటు సాగిన వేట మొదటిది. రెండవది 1896-97లో ఆఫ్రికా దక్షిణ భాగాన్ని ఊడ్చిపెట్టిన రిండర్‌పెస్ట్ అనే పశువ్యాధి. పెంపుడు పశువులతో పాటు అడవి గేదెలు, కుడూ వంటి పెద్ద దుప్పిజాతి మృగాలు కూడా దీనివలన గుంపులు గుంపులుగా చనిపోయాయి. విచిత్రమేమంటే, ఆ వ్యాధి తరువాత లోవెల్డ్ నుండి త్సెత్సె ఈగ కూడా మాయమైనది. పశువులకు ప్రాణాంతకమైన ఆ ఈగ లేకపోవడంతో అంతవరకు ఎవరికీ అక్కరలేని ఆ భూమి మీద పశువుల పెంపకందారుల చూపు పడింది. అడవికి తరువాతి కాలంలో వచ్చిన ప్రమాదాలలో చాలావాటికి బీజం ఇక్కడ ఉన్నది. మూడవ కారణం యుద్ధకాలంలో అక్కడ మకాం వేసిన సైనికులు. స్టైనాకర్స్ హార్స్ అనే స్వచ్ఛంద దళం వారు ఆహారానికి, వినోదానికి యథేచ్ఛగా కాల్చారు. ఏనుగులు ఆ భాగంలో లేనే లేవు. తెల్ల ఖడ్గమృగం పూర్తిగా నశించింది. దానిని నటాల్ నుండి తెచ్చి తిరిగి ప్రవేశపెట్టడానికి 1961 వరకు ఆగవలసి వచ్చింది.

పై అధికారి సర్ గాడ్‌ఫ్రే లాగ్డెన్ ఇచ్చిన ఆదేశాలు చాలా అస్పష్టమైనవి. వేటను ఆపాలి, ఎలాగన్నది వార్డెను ఇష్టం. సబీ నది ఒడ్డున స్టైనాకర్స్ హార్స్ వదిలివెళ్ళిన కోటగదిని హామిల్టన్ నివాసంగా మార్చుకున్నాడు. సబీ బ్రిడ్జి అని పిలువబడిన ఆ చోటే తరువాత వనానికి ముఖ్య స్థానమైనది. అదే స్టైనాకర్స్ హార్స్‌లో పనిచేసిన హారీ వోల్హూటర్‌ను రేంజరుగా తీసుకున్నాడు. అడవిని, అందులో వేటాడేవారిని బాగా ఎరిగినవాడే కాపలాకు తగినవాడని ఇతని ఆలోచన. 1903లో ఒక సాయంకాలం ఒంటరిగా గుర్రంపై వెళ్తున్న వోల్హూటర్‌ను సింహం పడవేసి భుజం పట్టి ఈడ్చుకుపోగా, అతడు మొలలోని చాకుతో దానిని పొడిచి చంపి బ్రతికి బయటపడ్డాడు. ఆ చాకు, ఆ సింహపు చర్మం స్కుకూజాలో ప్రదర్శనకు ఉంచబడ్డాయి.

కొత్త వార్డెను చట్టాన్ని అందరికీ ఒకే విధంగా వర్తింపజేశాడు. దొంగవేటకు పాల్పడిన పోలీసు ఉద్యోగులను కూడా న్యాయస్థానానికి ఎక్కించాడు. దీనితో తెల్లవారిలో చాలామందికి శత్రువైనాడు. 1903లో సబీకి ఉత్తరాన ఒలిఫాంట్స్ నది వరకు భూములున్న కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకొని తన అధికారాన్ని అంతవరకు విస్తరించాడు. అదే సంవత్సరం ఇంకా ఉత్తరాన షింగ్వెడ్జీ అభయారణ్యం ఏర్పడింది.

స్కుకూజా

హామిల్టన్‌ను స్థానిక త్సోంగా ప్రజలు స్కుకూజా అని పిలిచారు. ఊడ్చివేసేవాడు అని ఒక అర్థం, తలక్రిందులు చేసేవాడు అని మరొక అర్థం చెబుతారు. సబీ బ్రిడ్జికి 1936లో ఈ పేరే పెట్టారు. నేడు క్రూగర్ వనంలోని అతి పెద్ద విశ్రాంతి శిబిరం ఇదే. దీనిని గౌరవసూచకమైన బిరుదుగా పర్యాటక పుస్తకాలు వర్ణించడం కద్దు. కాని ఆ పేరు వెనుక ఉన్న సంగతి అంత తీయనిది కాదు. పనిలో చేరిన కొద్దికాలానికే క్రొకొడైల్, సబీ నదుల మధ్య నివసిస్తున్న రెండు మూడు వేలమంది ఆఫ్రికన్లను ఇతడు అక్కడి నుండి తరలించాడు. తరతరాలుగా అక్కడ పొలం దున్నుకొని, మాంసానికి వేటాడి బ్రతికినవారికి వేట నేరమైనది, ఊరు పరాయిదైనది. ఊడ్చివేయబడినవి వారి ఇళ్ళే.

అభయారణ్యం పెరిగిన తరువాత అందరినీ పంపివేయడం సాధ్యం కాలేదు. అవసరం కూడా లేదని హామిల్టన్ అభిప్రాయం మార్చుకున్నాడు. లోపల మిగిలినవారు పన్ను చెల్లించి గాని, కూలి పని చేసి గాని ఉండవచ్చునన్నాడు. కాపలా పనిలో అసలు భారం వహించినది ఆఫ్రికన్ రక్షకభటులే. అడవిలో అడుగుజాడలు పట్టేవారు, దొంగవేటగాళ్ళకు ఎదురు వెళ్ళేవారు వారే అయినా, వనం చరిత్రలో వారి పేర్లు చాలా కొద్దిగా మాత్రమే నమోదయ్యాయి. ఇక మొజాంబిక్ నుండి గనుల పనికి కాలినడకన వచ్చే కూలీలను అనుమతి లేకుండా ప్రవేశించిన నేరానికి పట్టుకొని, కొన్నాళ్ళు పని చేయించుకొని పంపేవారు. తరువాత యాత్రికులు కార్లలో తిరిగిన బాటలలో కొన్ని ఈ విధంగా వేయబడినవే. 2001లో హామిల్టన్ జీవితచరిత్రను వెలువరించిన చరిత్రకారిణి జేన్ కారుథర్స్ ఈ విషయాలను వివరంగా చర్చించింది.

సింహాల సమస్య

తొలి సంవత్సరాలలో హామిల్టన్, అతని రేంజర్లు సింహాలను, చిరుతలను, రేసుకుక్కలను, మొసళ్ళను కాల్చేవారు. మిగిలిన కొద్దిపాటి జింకలు పెరగాలంటే వాటిని తినేవి తగ్గాలని అప్పటి నమ్మకం. అప్పటి అభయారణ్యాలన్నింటి ఉద్దేశమూ భవిష్యత్తులో వేటగాళ్ళకు తగినన్ని జింకలను పెంచి ఉంచడమే.

ఏళ్ళు గడిచేకొలది ఇతని చూపు మారింది. జింకలు, జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు సింహాలున్నచోటే వృద్ధి చెందడం గమనించాడు. వేటాడే మృగం బలహీనమైనదానిని, జబ్బుపడినదానిని ముందు తీసుకుపోతుందని, ప్రకృతిలో ఒక సమతూకం ఉన్నదని, మనిషి జోక్యం ఎంత తక్కువైతే అంత మేలని వాదించసాగాడు. ఒలిఫాంట్స్ నది ప్రాంతంలో 1905లో ఏనుగుల చిన్న గుంపు తనంత తానుగా వచ్చి చేరడం వంటి సంఘటనలు ఈ నమ్మకాన్ని బలపరచాయి. పొరుగు రైతులకు ఈ వాదన రుచించలేదు. అభయారణ్యం సింహాల పెంపకశాల అనీ, తమ పశువులకు ముప్పు అనీ వారు ప్రభుత్వానికి ఫిర్యాదులు పంపేవారు. ఈ విషయంలో హామిల్టన్ పూర్తిగా గెలిచాడనలేము. ఒత్తిడి వచ్చినప్పుడు మాంసాహార మృగాలను కాల్చడం అతని హయాంలో కూడా మళ్ళీ మళ్ళీ జరిగింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగా హామిల్టన్ సైన్యానికి తిరిగి వెళ్ళి గల్లిపోలీలోను, ఈజిప్టులోను పనిచేశాడు. తరువాత సూడాన్‌లో పరిపాలనాధికారిగా ఉన్నాడు. 1920లో తిరిగి వచ్చేసరికి అభయారణ్యం ఉనికే ప్రశ్నార్థకంగా ఉన్నది. గొర్రెల కాపరులకు మేత హక్కులు, కంపెనీలకు భూములు, బొగ్గు కొరకు అన్వేషణ, మాజీ సైనికులకు పొలాలు - అందరికీ ఆ భూమి కావలసి వచ్చింది. దానిని కాపాడమని అడిగేవారు మాత్రం లేరు. ఇరవై ఏళ్ళు జనాన్ని దూరంగా ఉంచిన ఫలితం ఇది. ఎవరూ చూడని జంతువుల కొరకు ఓటు వేసేదెవరు?

రైలు యాత్రికులు

ఈ చిక్కుకు దారి అనుకోని వైపు నుండి దొరికింది. బంగారు గనుల కొరకు 1890లలో మొదలై, మధ్యలో ఆగి, 1912లో పూర్తయిన సెలాటి రైలుమార్గం అప్పట్లో అభయారణ్యం మధ్యగా పోయేది. 1923లో దక్షిణ ఆఫ్రికా రైల్వే వారు తొమ్మిది రోజుల విహారయాత్ర ఒకటి ఏర్పాటు చేశారు. లోవెల్డ్ అందాలను, సముద్రతీరంలోని లొరెన్సో మార్క్వెస్ (నేటి మపూటో) రేవును చూపడం దాని ఉద్దేశం. అడవిలో చూడదగినదేమీ లేదని భావించి, ఆ భాగాన్ని రాత్రివేళ దాటించే విధంగా మొదట సమయపట్టిక వేశారు. రైలు సబీ బ్రిడ్జి వద్ద నిలపాలని, పగటి వెలుగులో అడవి దాటించాలని హామిల్టన్ సూచించాడు. రైల్వేవారు ఒప్పుకున్నారు.

యాత్రికులు వంతెన వద్ద దిగేవారు. తుపాకి పట్టిన రేంజరు వారిని కొద్దిదూరం అడవిలో నడిపించేవాడు. రాత్రి పట్టాల ప్రక్కన పెద్ద నెగడు వేసి కూర్చునేవారు. దూరాన సింహం గర్జన వినిపిస్తే ఆ రాత్రి పండుగే. యాత్ర ముగిసిన తరువాత అందరూ చెప్పుకొన్నది సముద్రతీరం గురించి కాదు, ఈ అడవి మజిలీ గురించే. నగరాలలోని మధ్యతరగతి జనానికి జంతువును కాల్చకుండా చూడడంలోనే ఆనందమున్నదన్న సంగతి అధికారులకు అప్పుడు తెలిసివచ్చింది. హామిల్టన్ ఆ అవకాశాన్ని జారవిడువలేదు. పత్రికలకు వ్యాసాలు పంపాడు, రాజకీయ నాయకులను ఆహ్వానించాడు. స్ట్రాట్‌ఫర్డ్ కాల్డికాట్ అనే చిత్రకారుడు అక్కడ బస చేసి బొమ్మలు గీసి, ప్రచారంలో ఇతనికి తోడ్పడ్డాడు.

జాతీయ వనాల చట్టం

1924 ఎన్నికలలో స్మట్స్ ప్రభుత్వం ఓడి, హెర్ట్‌జోగ్ నాయకత్వంలో ఆఫ్రికానర్ జాతీయవాదులు అధికారానికి వచ్చారు. భూముల శాఖ మంత్రి పీట్ గ్రోబ్లర్ పాల్ క్రూగర్‌కు బంధువు. వనానికి క్రూగర్ పేరు పెట్టాలన్న ఆలోచనతో, అంతవరకు బ్రిటిషువారి వ్యవహారంగా కనిపించిన అభయారణ్యం ఆఫ్రికానర్లకు తమ వారసత్వంగా కనిపించసాగింది. క్రూగర్‌కు వన్యప్రాణులపై అంతటి మమకారం ఉండెనా అన్నది వేరు విషయం. స్వయంగా గొప్ప వేటగాడైన ఆ నాయకుని పాత్రను తరువాతి ప్రచారం చాలా పెంచిందని పరిశోధకులు చూపారు. పేరు వలన కలిగే లాభాన్ని మాత్రం హామిల్టన్ చక్కగా గుర్తించాడు. బోయర్ల మీద యుద్ధం చేసిన ఆంగ్ల సైనికుడు తన జీవితకాలపు కృషికి బోయర్ నాయకుని పేరు పెట్టడాన్ని సంతోషంగా అంగీకరించాడు.

1926 మే 31న పార్లమెంటు జాతీయ వనాల చట్టాన్ని ఆమోదించింది. కంపెనీల భూములకు బదులుగా వేరే భూములు ఇచ్చి, పశ్చిమాన కొంత భాగాన్ని వదులుకొని, సబీ, షింగ్వెడ్జీ అభయారణ్యాలను వాటి నడుమ ఉన్న భూములతో కలిపి ఒకే వనంగా చేశారు. నేడు దీని విస్తీర్ణం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. అలా వదలబడిన పశ్చిమ భాగంలోనే తరువాత సబీ శాండ్ వంటి ప్రైవేటు అభయారణ్యాలు, ఖరీదైన సఫారీ విడుదులు వెలిశాయి.

మొదటి శిబిరాలు

1927లో ప్రిటోరియస్‌కాప్ వైపు నుండి యాత్రికుల కార్లను అనుమతించారు. రుసుము కారుకు ఒక పౌను. ఆ యేడాది వచ్చినవి మూడే కార్లు. 1928లో 180, 1929లో 850 వచ్చాయి. ఈ పెరుగుదలకు సిద్ధంగా ఉన్నవారెవరూ లేరు. దారులు లేవు, బస లేదు. తొలి యాత్రికులు ముళ్ళకంప దడి కట్టుకొని, మధ్య మంట వేసుకొని పడుకునేవారు. సబీ నదిని దాటడానికి బల్లకట్టు ఉండేది. దాని మీద ఒక్కొక్క కారును ఎక్కించి మనుషులు లాగేవారు.

కొద్దికాలంలోనే ప్రిటోరియస్‌కాప్, సతారా, లెటాబా మొదలైనచోట్ల గుండ్రని గడ్డికప్పు గుడిసెలు లేచాయి. తొలినాటి గుడిసెలకు కిటికీలు లేవు. గాలి కొరకు గోడకు, కప్పుకు నడుమ సందు వదిలారు. తలుపు పైభాగంలో ఒక రంధ్రం ఉండేది. బయట ఏ మృగమైనా నిలిచి ఉన్నదేమో చూసి మరీ గడియ తీయాలి. శిబిరం చుట్టూ కంచె. ఇక్కడ మనుషులు కంచె లోపల, మృగాలు బయట స్వేచ్ఛగా ఉన్నాయి. జంతుప్రదర్శనశాలకు ఇది పూర్తిగా తలక్రిందులైన ఏర్పాటు. మలేరియా భయం వలన వనంలో ఎక్కువ భాగం చలికాలపు నెలలలో మాత్రమే తెరిచేవారు. ఆ కాలంలో గడ్డి ఎండి, జంతువులు నీటి మడుగుల వద్దకు చేరడం వలన చూడడానికి కూడా అదే అనువైన సమయం.

నియమాలు అనుభవం మీద ఏర్పడ్డాయి. తుపాకులకు ద్వారం వద్ద సీలు వేసేవారు. చీకటి పడేలోగా శిబిరం చేరాలి, దారిలో కారు దిగరాదు. వీటిలో చివరిదానికి ఆధారం హామిల్టన్ పరిశీలనే. సింహాలు కారును మనిషితో ముడిపెట్టవు. లోపల కూర్చున్నంతసేపు కారు వాటికి ఒక వాసనగల వస్తువు మాత్రమే. మనిషి దిగి నిలబడిన క్షణంలో అవి పారిపోవడమో, మీదికి రావడమో జరుగుతుంది. నేటికీ ఆఫ్రికా సఫారీలలో యాత్రికులకు మొదట చెప్పే జాగ్రత్త ఇదే.

ఈ విజయం హామిల్టన్‌కు పూర్తి సంతోషాన్నివ్వలేదు. వచ్చినవారందరికీ సింహమే కావాలి. సింహం కనబడితే కార్లు వరుసకట్టి నిలిచేవి. ఇంపాలాలను, పక్షులను పట్టించుకునేవారు తక్కువ. రోడ్లు, హోటళ్ళు, వినోదాలు పెంచాలని పాలకమండలి మీద ఒత్తిడి పెరిగింది. ఒకప్పుడు జనం రావాలని తపించినవాడు ఇప్పుడు అడవి విహారస్థలంగా మారుతున్నదని బాధపడ్డాడు. అయినా ద్వారం మూయమని ఎన్నడూ అనలేదు. జనం లేకపోతే అడవికి ఏమి జరిగేదో అతనికి బాగా తెలుసు.

ఆ జనం అందరూ సమానులు కారన్నది కూడా చెప్పుకోవలసిన సంగతి. మంచి శిబిరాలన్నీ తెల్లవారి కొరకే. ఆఫ్రికన్ యాత్రికులకు చాలాకాలం ఒలిఫాంట్స్ నది దగ్గరి బలులే అనే చిన్న శిబిరమే గతి. నివాసులను తరలించే విధానం హామిల్టన్ తరువాత కూడా సాగింది. వనం ఉత్తరపు కొసన ఉన్న మకులేకే ప్రజలను 1969లో వెళ్ళగొట్టారు. వర్ణవివక్ష పాలన అంతమైన తరువాత, 1998లో వారి భూమి హక్కు వారికి తిరిగి లభించింది. ఆ భూమిని వనంలో భాగంగానే ఉంచి, అక్కడి పర్యాటక శిబిరాల ఆదాయం పొందడానికి వారు అంగీకరించారు.

కుటుంబం, రచనలు

1930లో, అరవై రెండేళ్ళ వయసులో, హామిల్టన్ తనకంటె చాలా చిన్నదైన హిల్డా చమ్లీని వివాహమాడాడు. ఆమె చిత్రకారిణి, శిల్పి. వారికి ముగ్గురు సంతానం.

రచయితగా కూడా ఇతనికి పేరున్నది. 1912లో వెలువడిన ఆఫ్రికా జంతుజీవనం గురించిన పెద్ద గ్రంథానికి అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ముందుమాట వ్రాశాడు. 1929లో లోవెల్డ్ ప్రాంతంలోని ప్రాణుల గురించి, ప్రజల గురించి మరొక పుస్తకం ప్రచురించాడు. అన్నింటికంటె ప్రసిద్ధమైనది 1937లో వచ్చిన సౌత్ ఆఫ్రికన్ ఈడెన్. సబీ అభయారణ్యం జాతీయ వనంగా మారిన కథను ఇందులో తన అనుభవాలతో చెప్పాడు. పుస్తకం నిండా హాస్యం ఉన్నది. తరలింపుల ప్రస్తావన మాత్రం క్లుప్తం. ఇతడు ఏళ్ళ తరబడి విడువకుండా వ్రాసుకున్న దినచర్య పుస్తకాలు చరిత్రకారులకు ముఖ్య ఆధారమయ్యాయి.

పదవీ విరమణ, మరణం

హామిల్టన్ 1946లో, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, పదవీ విరమణ చేశాడు. కర్నల్ శాండెన్‌బర్గ్ తరువాతి వార్డెను అయినాడు. ఆ పిమ్మట వనంలో శాస్త్రజ్ఞుల నియామకం మొదలై, జంతువుల సంఖ్యను లెక్కగట్టి అదుపుచేసే పద్ధతులు వచ్చాయి. ప్రకృతిని దాని మానాన వదలాలన్న హామిల్టన్ వాదం అప్పటికి పాతబడినదిగా తోచింది. ఆ వివాదం ఏనుగుల సంఖ్య విషయంలో నేటికీ తెగలేదు.

విశ్రాంత జీవితాన్ని వనానికి సమీపంలోని వైట్ రివర్ వద్ద తన క్షేత్రంలో గడిపి, 1957 డిసెంబరు 10న తొంభై ఏళ్ళ వయసులో మరణించాడు. స్కుకూజా శిబిరంలోని గ్రంథాలయానికి ఇతని పేరు పెట్టారు. భార్య హిల్డా 1979లో మరణించిన తరువాత ఇద్దరి చితాభస్మాన్ని స్కుకూజాకు దక్షిణాన ఉన్న షిరిమంటంగా అనే రాతిగుట్ట మీద చల్లారు. అడవి దారిలో కారు దిగడానికి అనుమతి ఉన్న కొద్ది స్థలాలలో ఈ గుట్ట ఒకటి. అక్కడ ఒక స్మారక ఫలకం ఉన్నది.